వైద్యంలో రోగి భాగస్వామ్యం: మీ చికిత్సలో మీ వంతు పని ఎలా చేయాలి

దీర్ఘకాలిక వ్యాధి ఉన్న మనిషి వైద్యుని ఎదుట కూర్చునే సమయాన్నంతా కూడినా ఏడాదికి కొన్ని గంటలు దాటదు. మిగిలిన కాలమంతా వేళకు మందు వేసుకోవడం, ఒంట్లో వచ్చే మార్పును గమనించడం, నొప్పి పెరిగినప్పుడు కాసేపు ఆగాలో వెంటనే ఆస్పత్రికి వెళ్లాలో తేల్చుకోవడం ఆ మనిషి, ఆ ఇంటివాళ్లు చేస్తున్న పనులే. ఈ సంగతిని వైద్యులూ రోగులూ ఇద్దరూ గుర్తించి, అందుకు తగినట్టుగా సమాచారాన్నీ నిర్ణయాలనూ బాధ్యతనూ పంచుకోవడమే రోగి భాగస్వామ్యం.

చెప్పినట్టు వినడం వేరు, భాగస్వామి కావడం వేరు. మందు ఎందుకు వాడుతున్నారో తెలియనివారు మొదటి ఇబ్బంది ఎదురుకాగానే దాన్ని పక్కన పెట్టే అవకాశం ఎక్కువ. పెట్టిన సంగతిని వైద్యునికి చెప్పడానికి మొహమాటపడతారు. మందు పనిచేయడం లేదనుకుని వైద్యుడు మోతాదు పెంచుతాడు. అభివృద్ధి చెందిన దేశాల్లో సైతం దీర్ఘకాలిక చికిత్సను సూచించిన విధంగా కొనసాగించేవారు సగటున 50 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో వెలువరించిన నివేదిక తెలిపింది. అంతమందిని నిర్లక్ష్యపరులుగా జమకట్టడం అన్యాయమని నా అభిప్రాయం. వారిలో చాలామందికి చికిత్స గురించి ఎవరూ అర్థమయ్యేలా చెప్పి ఉండరు, వారి ఇబ్బందిని అడిగి ఉండరు. తమ ఆరోగ్య సంరక్షణకు ప్రణాళిక వేయడంలోనూ దాన్ని అమలు చేయడంలోనూ పాల్గొనడం ప్రజల హక్కు, విధి కూడా అని ప్రాథమిక ఆరోగ్య సంరక్షణపై 1978లో జరిగిన అంతర్జాతీయ సదస్సు వెలువరించిన ఆల్మా ఆటా ప్రకటన స్పష్టం చేసింది. ఆ హక్కును ఓపీ గదిలోనూ ఇంట్లోనూ ఆస్పత్రి మంచం మీదా ఎలా వాడుకోవాలో ఇప్పుడు చూద్దాం.

మొదటి అడుగు: వెళ్లేముందే మాట సిద్ధం చేసుకోండి

1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే పరిశోధకులు వైద్యులకూ రోగులకూ మధ్య జరిగిన సంభాషణలను రికార్డు చేసి పరిశీలించినప్పుడు, రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే వైద్యుడు అడ్డు తగులుతున్నట్టు తేలింది. 2002లో స్విట్జర్లాండ్‌లో జరిగిన మరో అధ్యయనంలో వైద్యులు అడ్డు రాకుండా విన్నారు. అక్కడ రోగులు సగటున 92 సెకన్లలో తమంతట తామే చెప్పడం ముగించారు. వైద్యులు ఆ ఒకటిన్నర నిమిషం ఇవ్వాలి. ఇవ్వకపోయినా నష్టపోకుండా ఉండాలంటే, అసలు విషయాన్ని మొదటి వాక్యంలోనే చెప్పేలా మీరు సిద్ధపడాలి.

అందుకు ఒక కాగితం చాలు. పైన మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తున్న సంగతిని ఒకే వాక్యంలో రాయండి. "ఒంట్లో బాగుండడం లేదు" అనే మాటతో వైద్యునికి ఏమీ తెలియదు. "మూడు వారాలుగా మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోంది, కూర్చుంటే తగ్గుతోంది" అంటే పరీక్ష ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. దాని కింద ఎప్పుడు మొదలైంది, దేనివల్ల పెరుగుతోంది, దేనివల్ల తగ్గుతోంది, ఈలోగా ఏ మందు వాడి చూశారు అన్నవి రాయండి. మిమ్మల్ని లోలోపల భయపెడుతున్న అనుమానం ఏదైనా ఉంటే అదీ రాయండి. గడ్డ తగలగానే క్యాన్సరేమోనని నిద్రపట్టని మనిషి, ఆ మాట అడగకుండానే గది దాటి వచ్చేస్తే, చేతిలో మందుల చీటీ ఉన్నా మనసు కుదుటపడదు. చివరి నిమిషంలో గుమ్మం దగ్గర నిలబడి అడిగే ప్రశ్నే చాలాసార్లు అసలు ప్రశ్న అవుతుంది కాబట్టి దాన్ని కాగితం పైభాగానికి తీసుకురండి.

రెండో అడుగు: వాడుతున్న మందులన్నిటినీ ఒకే చోట రాయండి

మందుల జాబితాలో ప్రతి మందుకూ ఐదు వివరాలు ఉండాలి: అట్ట మీద పెద్ద అక్షరాలతో ఉండే కంపెనీ పేరు, దాని కింద చిన్న అక్షరాలతో ఉండే అసలు మందు పేరు, మోతాదు, ఏ వేళకు వేసుకుంటున్నారు, దేనికోసం వేసుకుంటున్నారు. వీటిలో అసలు మందు పేరును ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. జ్వరానికి ఒక మాత్ర, జలుబుకు ఇంకో మాత్ర వేసుకునేవారు ఆ రెండింటిలోనూ పారాసిటమాల్ ఉన్నదని గమనించకపోతే, తెలియకుండానే కాలేయానికి హాని చేసేంత మోతాదు లోపలికి వెళ్లవచ్చు. పెద్దవారికి సాధారణంగా రోజుకు 4 గ్రాములను గరిష్ఠ పరిమితిగా చెబుతారు, కాలేయ వ్యాధి ఉన్నవారికి ఆ పరిమితి ఇంకా తగ్గుతుంది.

చీటీ లేకుండా కొనే నొప్పి మాత్రలు, విటమిన్లు, మూలికా మందులు, కంటి చుక్కలు, పీల్చే మందులు కూడా జాబితాలోకి రావాలి. ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు బీపీ మందుల ప్రభావాన్ని తగ్గిస్తాయి, మూత్రపిండాల మీద భారం పెంచుతాయి. రక్తం పలుచబడడానికి వార్ఫరిన్ వాడేవారికి ఎన్నో మందులతో పేచీ ఉంటుంది. ఇవేవీ వైద్యుడు మీ ముఖం చూసి పోల్చుకోగలిగినవి కావు. ఏ మందు పడదో, పడనప్పుడు ఏమి జరిగిందో జాబితా పైభాగాన ఎర్ర సిరాతో రాయండి. ఏదైనా మందు మానేసి ఉంటే, ఎప్పుడు, ఎందుకు మానేశారో అదే కాగితం మీద నిజాయితీగా రాయండి. ఖర్చు భరించలేక మానేసినా అదే రాయండి. చాలా మందులకు తక్కువ ధర ప్రత్యామ్నాయాలు ఉంటాయి, అయితే అవసరం ఉందని తెలిస్తేనే వైద్యుడు వాటి గురించి ఆలోచిస్తాడు.

మూడో అడుగు: అడగండి, విన్నదాన్ని తిరిగి చెప్పండి

ఓపీ గదిలో నుంచి బయటికి వచ్చేలోగా మూడు ప్రశ్నలకు జవాబు తెలిసి ఉండాలి. నాకున్న ముఖ్యమైన సమస్య ఏమిటి? దానికి నేను చేయవలసినది ఏమిటి? అలా చేయడం ఎందుకు ముఖ్యం? మూడో ప్రశ్నను వదిలేసేవారే ఎక్కువ, కానీ నెలలు గడిచిన తర్వాత కూడా మందును వదలకుండా ఉంచేది దాని జవాబే.

జవాబులు విన్నంత మాత్రాన గుర్తుండవు. నెదర్లాండ్స్‌కు చెందిన రాయ్ కెసెల్స్ 2003లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, వైద్య సిబ్బంది చెప్పే సమాచారంలో 40 నుంచి 80 శాతం వరకు రోగులు అప్పటికప్పుడే మరచిపోతారు. గుర్తున్నదనుకున్నదానిలో దాదాపు సగం తప్పుగా గుర్తుంటుంది. ఆందోళనలో ఉన్నప్పుడు మనసు ఒకే మాట దగ్గర ఆగిపోవడం ఎవరికైనా సహజం. అందువల్ల వైద్యుడు చెప్పడం ముగించగానే, "నాకు అర్థమైనది ఒకసారి చెబుతాను, తప్పుంటే సరిచేయండి" అని అడిగి, విన్నదాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పండి.

దీనివల్ల ఏమి బయటపడుతుందో ఒక చిన్న ఉదాహరణ చూడండి. "రోజుకు రెండు మాత్రలు వాడండి" అని వైద్యుడు అన్నాడు. "అంటే పొద్దున్నే రెండూ కలిపి వేసుకోవాలి కదండీ?" అని రోగి తిరిగి అడిగాడు. "కాదు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, రెండూ భోజనం అయ్యాకే" అని వైద్యుడు సరిచేశాడు. ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే రోగి ఇంటికి వెళ్లి రెండు మాత్రలూ పరగడుపున మింగి ఉండేవాడు, మింగి కూడా తాను వైద్యుని మాట తు.చ. తప్పక పాటించాననే నమ్మేవాడు. వైద్యులు, నర్సులు కూడా "అర్థమైందా?" అని అడగడం మానుకోవడం మంచిది. ఆ ప్రశ్నకు అందరూ తల ఊపుతారు. "ఇంటికి వెళ్లాక ఈ మందు ఎలా వాడతారో చెప్పండి" అంటే, ఎక్కడ సరిగ్గా చెప్పలేకపోయారో వారికే తెలుస్తుంది.

తోడుగా ఒకరిని తీసుకెళ్లడం, రాసుకోవడం, వైద్యుని అనుమతితో మాటలను ఫోన్‌లో రికార్డు చేసుకోవడం, ఇవన్నీ పనికొచ్చే పద్ధతులే. భాష అడ్డు వస్తే దుబాసీని అడగండి. ఆ పనికి పిల్లలను వాడకండి, ఎందుకంటే వారి ముందు పెద్దలు అన్నీ చెప్పుకోలేరు.

నాలుగో అడుగు: నిర్ణయంలో మీ మాట వినిపించండి

గుండెపోటు, పక్షవాతం వంటి అత్యవసర స్థితిలో చర్చకు సమయం ఉండదు. అక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే కాబట్టి వైద్యులు వేగంగా ముందుకు సాగాలి. అయితే చికిత్సల్లో చాలావాటికి ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది, కొన్నింటికి ఒకటి కంటే ఎక్కువ సరైన దారులూ ఉంటాయి. తొలి దశలో ఉన్న రొమ్ము క్యాన్సర్‌లో, అందుకు అనువైన స్త్రీలకు, గడ్డ ఉన్న భాగాన్ని మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్మును పూర్తిగా తొలగించినా జీవించే కాలంలో తేడా లేదని 20 ఏళ్ల పాటు రోగులను గమనించిన పరిశోధనలు 2002లో నిర్ధారించాయి. రేడియేషన్ కోసం వారాల తరబడి ఆస్పత్రికి తిరగగలరా, రొమ్ము నిలుపుకోవడం వారికి ఎంత ముఖ్యం, మిగిలిన భాగంలో మళ్లీ రావచ్చనే భయంతో బతకగలరా అన్నవాటికి ఏ స్కానింగులోనూ జవాబు దొరకదు. అవి ఆ స్త్రీ మాత్రమే చెప్పగల సంగతులు. మోకాళ్ల అరుగుదలకు ఎప్పుడు ఆపరేషన్ చేయించుకోవాలి, నెమ్మదిగా పెరిగే ప్రోస్టేట్ క్యాన్సర్‌ను వెంటనే తొలగించాలా లేక క్రమం తప్పని పరీక్షలతో గమనిస్తూ ఉండాలా అన్నవీ ఇటువంటి నిర్ణయాలే.

ఇటువంటి సందర్భంలో, ఈ చికిత్స వల్ల నాకు కలిగే మేలు ఏమిటి, హాని ఏమిటి, వేరే దారులు ఏమున్నాయి, ఇప్పటికి ఏమీ చేయకుండా ఆగితే ఏమవుతుంది అని అడగండి. చివరి ప్రశ్న అడగడం మర్యాద కాదేమోనని సందేహించకండి, మంచి వైద్యుడు దాన్ని స్వాగతిస్తాడు. జవాబు అంకెల్లో వస్తే ఒక జాగ్రత్త అవసరం. "ఈ మందు ముప్పును సగానికి తగ్గిస్తుంది" అన్న మాట, వందమందిలో నలభై మందికి వచ్చే జబ్బు ఇరవై మందికి తగ్గినా నిజమే, ఇద్దరికి వచ్చేది ఒకరికి తగ్గినా నిజమే. మొదటి సందర్భంలో వందమందికి మందు ఇస్తే ఇరవై మందికి మేలు జరుగుతుంది, రెండో సందర్భంలో ఒక్కరికే. కాబట్టి "నాలాంటివారు వందమంది ఈ మందు వాడితే ఎంతమందికి మేలు, వాడకపోతే ఎంతమందికి కీడు?" అని అడిగితేనే మీరు పోల్చుకోగల లెక్క చేతికి వస్తుంది.

నిర్ణయాన్ని వైద్యునికే వదిలేయాలని మీకు అనిపిస్తే, అది కూడా మీరు తీసుకున్న నిర్ణయమే. "మీకు ఏది మంచిదనిపిస్తే అది చేయండి, కానీ నాకు ముఖ్యమైనవి ఇవి" అని చెప్పి వదలడం, ఏమీ చెప్పకుండా వదలడం కంటే ఎంతో మేలు.

ఐదో అడుగు: ఇంటి దగ్గర చేసే పనిని కొలతలతో చేయండి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. ఉదాహరణకు, ఇంట్లో బీపీ చూసుకునేవారు చాలామంది ఉన్నారు, సరిగ్గా చూసుకునేవారు తక్కువ. చూసుకునేముందు అరగంట వరకు కాఫీ, టీ, పొగాకు, వ్యాయామం ఉండకూడదు. మూత్ర విసర్జన చేసి వచ్చి, వీపు ఆనించి, రెండు పాదాలూ నేలకు ఆనేలా, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. చేతిని బల్ల మీద గుండె ఎత్తులో ఉంచి, పట్టీని చొక్కా మీద కాకుండా చర్మానికే చుట్టాలి. పట్టీ మీ చేతికి సరిపోయే కొలతలో ఉండాలి, బిగుతైన చిన్న పట్టీ ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. ఒక నిమిషం విరామంతో రెండుసార్లు చూసి రెండు అంకెలూ రాయాలి. వైద్యుని దగ్గరికి వెళ్లేముందు ఒక వారం పాటు ఉదయం, సాయంత్రం ఇలా చూసి రాసుకుంటే, ఆస్పత్రిలో కంగారులో చూసిన ఒక్క అంకె కంటే ఆ పట్టిక ఎంతో నమ్మదగినది. ఇంట్లో చూసినప్పుడు సగటు 135/85 లేదా అంతకు మించి ఉంటే అది అధిక రక్తపోటు కిందికి వస్తుందని చాలా మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆస్పత్రిలో చూసినప్పుడు ఆ పరిమితి సాధారణంగా 140/90.

గుండె బలహీనపడినవారికి ఇదే పని బరువు తూచే యంత్రంతో ఉంటుంది. రోజూ ఉదయం ఒకే వేళకు, మూత్ర విసర్జన తర్వాత, ఇంచుమించు ఒకే రకమైన దుస్తులతో బరువు చూసుకోవాలి. మూడు రోజుల్లో 2 కిలోల కంటే ఎక్కువ పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని అనుమానించి, ఆయాసం ముదిరేదాకా ఆగకుండా వైద్యునికి తెలియజేయాలి. మీ జబ్బు ఏదైనా కావచ్చు, మీరు ఏది కొలవాలి, ఏ అంకె దాటితే ఫోన్ చేయాలి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి రావాలి అన్నది వైద్యునితో రాయించుకోండి.

అంకె మామూలు స్థాయికి రాగానే మందు మానేయకండి, చాలాసార్లు అది మందు వల్లనే ఆ స్థాయిలో ఉంటుంది. ఇబ్బంది కలిగితే కూడా మీ అంతట మీరు ఆపకుండా వైద్యునికి చెప్పండి. బీపీకి వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మందుల వల్ల కొందరికి పొడి దగ్గు పట్టుకుంటుంది. వైద్యునికి ఆ సంగతి తెలిస్తే, ఆ దగ్గు సాధారణంగా రాని మరో రకం మందుకు మార్చగలడు. తెలియకపోతే రోగి దగ్గు మందులు తాగుతూ కాలం గడుపుతాడు, లేదా బీపీ మందును గుట్టుగా మానేస్తాడు. స్టెరాయిడ్లు, గుండెకు ఇచ్చే బీటా బ్లాకర్లు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు.

అలవాట్లు మార్చుకోవలసినప్పుడు చిన్న లక్ష్యం పెట్టుకోండి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కేట్ లోరిగ్ అనే పరిశోధకురాలి బృందం దీర్ఘకాలిక రోగుల కోసం రూపొందించిన శిక్షణలో ఒక మంచి పద్ధతి ఉంది. ఏమి చేస్తారు, ఎంతసేపు, ఏ వేళ, వారానికి ఎన్నిసార్లు అన్నది రోగే నిర్ణయించుకుని, అది చేయగలనన్న నమ్మకం సున్నా నుంచి పది వరకు ఉన్న కొలబద్ద మీద ఎంతో చెప్పాలి. ఏడు కంటే తక్కువైతే లక్ష్యాన్ని తగ్గించుకోవాలి. రోజూ గంట నడుస్తానని మాట ఇచ్చి మూడో రోజున వదిలేయడం కంటే, వారానికి నాలుగు రోజులు పది నిమిషాలు నడిచి నిలబెట్టుకోవడం మంచిది.

ఆరో అడుగు: ఆస్పత్రిలో చేరినప్పుడు మెలకువగా ఉండండి

మందు ఇచ్చే ప్రతిసారీ, రక్తం తీసే ప్రతిసారీ మీ పేరు మీ నోటితో చెప్పండి. ఆపరేషన్‌కు ముందు పేరు, ఏ ఆపరేషన్, ఏ వైపు, అంగీకారం ఇచ్చారా అని మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 19 అంశాల శస్త్రచికిత్స భద్రతా జాబితాలో, మత్తు ఇవ్వకముందు రోగి నోటితోనే ఈ వివరాలు నిర్ధారించుకోవడం మొదటి అంశం. ఎవరూ అడగకపోతే మీరే చెప్పండి. సంతకం పెట్టకముందు అంగీకార పత్రాన్ని చదవండి, లేదా చదివించుకోండి.

డిశ్చార్జి రోజు హడావిడిగా గడుస్తుంది. ఆ హడావిడిలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. పాత మందుల్లో ఏవి కొనసాగించాలి, ఏవి ఆపాలి, ఏవి కొత్తవి అన్నది మీ జాబితాతో పోల్చి చూడమని అడగండి. ఇంకా ఫలితం రావలసిన పరీక్షలు ఉన్నాయా, వాటి ఫలితం ఎవరు చెబుతారు, రాత్రివేళ ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి తెలియకుండా బయటికి రాకండి.

రిపోర్టులను తేదీల వారీగా దాచుకోండి, వీలైన చోట వైద్యుడు మీ గురించి రాసినదాన్నీ చదవండి. అమెరికాలో 2010లో ఓపెన్‌నోట్స్ పేరుతో మూడు ఆస్పత్రుల వ్యవస్థల్లో రోగులకు ఆ రాతలను చూపించినప్పుడు, చదివినవారిలో అత్యధికులు తమ పరిస్థితి బాగా అర్థమైందనీ ఆ ఏర్పాటు కొనసాగాలనీ చెప్పారు. వైద్యులు భయపడినంత పనిభారమూ పెరగలేదు. రాతలో తప్పు కనిపిస్తే సరిచేయమని రాతపూర్వకంగా కోరండి.

ఏడో అడుగు: మీ శక్తికి తగినంతే మోయండి, మిగిలినది పంచండి

పైన చెప్పినవన్నీ ప్రతి రోగీ చేయలేడు. తీవ్రమైన నొప్పిలో ఉన్నవారు, మతిమరుపు వచ్చినవారు, చదువు రానివారు, రోజంతా పనిలో ఉండి ఓపీ వేళకు రాలేనివారు ఉంటారు. అమెరికా పరిశోధకురాలు జూడిత్ హిబ్బర్డ్ బృందం 2004లో ప్రచురించిన కొలమానం, తన ఆరోగ్యాన్ని చూసుకోవడంలో మనిషికి ఉన్న జ్ఞానాన్నీ నైపుణ్యాన్నీ ఆత్మవిశ్వాసాన్నీ నాలుగు స్థాయిలుగా చూస్తుంది. మొదటి స్థాయిలో ఉన్నవారి ముందు పెద్ద పట్టిక పెడితే మరింత కుంగిపోతారు. వారికి ఒక్క పని, ఒక్క మందు, ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టాలి. భాగస్వామ్యం పేరుతో భారమంతా రోగి మీదికి నెట్టి, ఫలితం రాకపోతే అతనినే తప్పుపట్టే ధోరణి నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. మీరు మోయలేనిది ఇంట్లో నమ్మకమైన ఒకరికి అప్పగించండి. మీరు మాట్లాడలేని స్థితి వస్తే మీ తరఫున ఎవరు నిర్ణయించాలో, మీకు ఏ చికిత్స వద్దో ముందే రాసి, ఆ కాగితం ఎక్కడ ఉందో వారికి చెప్పి ఉంచండి.

ఎనిమిదో అడుగు: అనుభవాన్ని ఆస్పత్రికి తిరిగి చెప్పండి

రోగుల గొంతు విధానాల దాకా చేరాలనే ఉద్దేశంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 సెప్టెంబరు 17 నాటి ప్రపంచ రోగి భద్రతా దినోత్సవాన్ని రోగుల భాగస్వామ్యానికే కేటాయించింది. మీ వంతుగా, ఏదైనా పొరపాటు జరిగితే తేదీ, విభాగం, జరిగినది, దానివల్ల కలిగిన ఇబ్బంది, ఏమి మారాలని కోరుతున్నారో ఒక పేజీ మించకుండా రాసి ఇచ్చి, ముట్టినట్టు రసీదు తీసుకోండి. ఎవరో ఒకరి మీద కోపంతో రాసిన ఉత్తరం కంటే, "రెండు మందుల అట్టలు ఒకేలా ఉన్నందువల్ల రాత్రి నర్సు ఒకదానికి బదులు ఇంకొకటి తెచ్చారు, వాటిని వేర్వేరు అరల్లో ఉంచాలని కోరుతున్నాను" అన్న ఉత్తరం మీద చర్య తీసుకోవడం ఆస్పత్రికి సులభం. బాగా చూసుకున్నవారి గురించి కూడా అంతే వివరంగా రాయండి. ఆస్పత్రిలో రోగుల సలహా సంఘం ఉంటే చేరండి, లేకపోతే అటువంటిది ఏర్పాటు చేయమని అదే ఉత్తరంలో అడగండి.